బేరం లేని బజారు

ఈ వారం చింతకాయ పచ్చడి సంగతి రాస్తానని మాట ఇచ్చాను. మాట తప్పేదాన్ని కాను. కాయలు తెప్పించి, ఉప్పూ పసుపూ వేసి తొక్కి, జాడీ కెత్తి మూత కట్టాను కూడాను. కాని జాడీ మా ఇంట్లో ఉంది, నేను తెనాలిలో మా అక్క ఇంట్లో ఉన్నాను. నా ముందున్నది పచ్చడి కాదు, పదకొండు పేజీల ఆస్పత్రి బిల్లు. అంచేత పచ్చడి వచ్చే వారానికి వాయిదా.

అట్లతద్దికి ముందు రోజు రాత్రి మా బావగారికి గుండెనొప్పి వచ్చింది. మొదట ఆయన అది గాస్ అన్నారు. మన ఇళ్ళల్లో మగవాళ్ళకి వచ్చే ప్రతి నొప్పీ మొదట గాసే గదా! మజ్జిగలో ఇంగువ కలుపుకుని తాగి పడుకున్నారు. పన్నెండు దాటేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది. పక్కింటి కుర్రాడు కారు తీస్తే పట్నంలో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆస్పత్రి పేరు అనవసరం. ఆ వేళప్పుడు కూడా ఒక చిన్న వయసు డాక్టరు మేలుకుని ఉన్నాడు. గంటలోపల గుండె రక్తనాళంలో అడ్డు తీసి, స్టెంటు అనే చిన్న జల్లెడగొట్టం పెట్టి, మనిషిని మాకు అప్పజెప్పాడు. ఆ పిల్లవాడికి బతికినన్నాళ్ళూ రుణపడి ఉంటాం. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. తరవాత రాసేది చదివి నేను డాక్టర్ల మీద కత్తి కట్టానని ఎవరూ అనుకోగూడదు.

నాలుగోనాడు ఇంటికి పంపేటప్పుడు లెక్క తేలింది. 2,38,460 రూపాయలు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు సగం పైగా సర్దాడు. వాడికి కంపెనీవాళ్ళ బీమా ఉంది, కాని అది వాడికీ, భార్యకీ, పిల్లకీనట. తల్లిదండ్రులు అందులోకి రారు. బావగారు సొంతంగా బీమా కట్టేవారు. అరవై అయిదు దాటాక వాళ్ళు అడిగే వాయిదా చూసి మానుకున్నారు. మిగిలిన డబ్బుకి అక్క చేతి గాజులు నాలుగూ బ్యాంకులో తాకట్టుకి వెళ్ళాయి. అక్క ఆ సాయంత్రమే ఫాన్సీ షాపులో పూత గాజులు కొని తొడుక్కుంది. ఆయన గమనించలేదనుకుంది.

ఇంతకీ మా బావగారు చేసిన ఉద్యోగం ఏమిటో చెప్పలేదు. రైసుమిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల గుమాస్తా! రోజు లెక్కలో అర్ధరూపాయి తేడా వస్తే రాత్రి భోజనం మానేసి వెతికే రకం. అటువంటి మనిషి కంటబడకుండా అక్క ఆ బిల్లు బియ్యం డబ్బాలో దాచింది. లేచి తిరగడం మొదలుపెట్టిన వారానికే ఆయన దాన్ని పట్టుకున్నారు. ఎర్ర పెన్సిలు తీశారు.

నేను వచ్చేసరికి బిల్లు నిండా ఎర్ర గీతలే.

"ఏమ్మా మరదలా, చేతితొడుగులు నలభై రెండు జతలట. నాలుగు రోజుల్లో నన్నంతమంది ముట్టుకున్నారంటావా?" అన్నారు.

"ముట్టుకునే ఉంటారు బావగారూ. ఐ.సి.యు. లో ఒక్కొక్కసారి వచ్చినప్పుడల్లా కొత్త జత వేసుకోవాలి. లేకపోతే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది," అన్నాను.

"సరే, ఒప్పుకున్నాను," అని పెన్సిలుతో టిక్కు పెట్టారు. "మరి ఇదిగో, స్టెంటు 38 వేల చిల్లర. ఇంత పెద్ద బిల్లులో అసలు వస్తువు ఖరీదు ఆరో వంతే. తక్కిన అయిదు వంతులూ ఏమిటి?"

ఆ ఆరో వంతుకే ఒక కథ ఉంది. 2017 ఫిబ్రవరికి ముందు మందుపూత ఉన్న స్టెంటు మన దేశంలో లక్ష రూపాయలు దాటి పలికేది. దాన్ని 2016లో అత్యవసర మందుల జాబితాలో చేర్చారు. మరుసటి ఫిబ్రవరిలో మందుల ధరల జాతీయ సంస్థ, మందుపూతది 29,600 రూపాయలకు మించగూడదనీ, పూత లేనిది 7,260కి మించగూడదనీ కట్టడి చేసింది. తరవాత ఆ కట్టడి మారుతూ, టోకు ధరలను బట్టి మొత్తం మీద పెరుగుతూ వచ్చింది. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఒక్క రాత్రిలో వస్తువు మారలేదు. అదే గొట్టం, అదే తయారీ. నిన్న లక్ష, ఇవాళ ముప్ఫై వేలు. అయితే నిన్నటిదాకా ఆ తేడా ఎవరెవరి చేతుల్లో పడుతూ వచ్చినట్టు? దిగుమతి చేసేవాడు, పంచేవాడు, చివరికి ఆస్పత్రి. అందరికంటె పెద్ద వాటా ఆస్పత్రిదేనని ఆ సంస్థే లెక్క కట్టి చెప్పింది. అంతకు చాలా ఏళ్ళ ముందే, 1990ల చివర, అబ్దుల్ కలాంగారూ హైదరాబాదులో గుండె వైద్యులు సోమరాజుగారూ కలిసి చవకలో దేశీ స్టెంటు చేసి చూపించారు. చవకలో చెయ్యడం మనవాళ్ళకు తెలియని విద్య కాదన్నమాట.

బావగారికి ఈ కథ చెప్పాను. ఆయన తృప్తి పడలేదు.

"ఒక్క వస్తువుకి కట్టడి వేశారు, బాగుంది. దాని పక్కనున్న బెలూను, తీగ, గొట్టం, సిరంజి, వీటి సంగతేమిటి? బుడగని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బదూ?"

గుమాస్తా బుర్ర! ఆ సంస్థే 2018 ఫిబ్రవరిలో, ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తెప్పించి చూసింది. వాడి పారేసే వస్తువుల మీదా మందుల మీదా లాభం కొన్నింటికి 1,737 శాతం దాకా ఉందని తేలింది. ఆ అంకె నేను రెండుసార్లు చదివాను, అచ్చు తప్పేమోనని. తప్పు కాదు. రూపాయి పెట్టి కొన్నది పద్దెనిమిది రూపాయల పైన అమ్మడం. తమాషా ఏమిటంటే ఇందులో చట్ట విరుద్ధమేమీ లేదు. పొట్లం మీద ఎంత ధర అచ్చువేసి ఉందో అంతే తీసుకున్నారు. ఆ అచ్చు ధరలోనే ఉంది కిటుకంతా. పెద్ద ఆస్పత్రి సరుకు టోకున కొంటుంది. టోకు బేరగాడికి మామూలుగా ధర తగ్గించాలి. ఇక్కడ కొనే ధర తగ్గుతుంది, అచ్చు ధర పెరుగుతుంది! ఎందుకంటే రెండింటికీ మధ్య ఎంత జాగా ఉంటే ఆస్పత్రికి అంత లాభం. ఎవరి సరుకు మీద ఎక్కువ జాగా ఉంటుందో వాళ్ళ సరుకు నడుస్తుంది. తక్కిన బజారులో పోటీ ధర తగ్గిస్తుంది, ఈ బజారులో పోటీ ధర పెంచుతుంది.

మనం కూరల బజారుకి వెడతాం. బెండకాయ తోక విరిచి చూస్తాం. టక్కున విరిగితే లేతది, వంగితే ముదురు. కిలో నలభై అంటే ముప్ఫైకి అడుగుతాం. ఇవ్వకపోతే రెండడుగులు ముందుకు వేస్తాం, వాడే పిలుస్తాడు. పిలవకపోతే ఆ పూట పప్పు వండుకుంటాం. ఈ నాలుగు విద్యలూ ఆస్పత్రి గుమ్మం దగ్గర చెప్పుల్తోబాటు వదిలిపెట్టవలసిందే. ఏది మంచిదో మనకి తెలియదు. ఏది కావాలో మనం చెప్పం, డాక్టరు చెపుతాడు. ధర ముందు తెలియదు. వద్దని వెళ్ళిపోయే వీలు అసలు లేదు. అర్ధరాత్రి ఒంటిగంటకి, చెమటలు కక్కుతున్న మొగుణ్ణి కుర్చీబండిలో పెట్టుకుని "ఇంకో ఆస్పత్రిలో ఎంతో కనుక్కుని వస్తాను," అనే ఇల్లాలు ఎక్కడైనా ఉందా? మా అక్క ఆ రాత్రి ఒక కాలికి తన చెప్పూ, ఇంకో కాలికి మనవరాలి చెప్పూ వేసుకుని వెళ్ళింది. ఆవిడ బేరమాడుతుందా!

1963లో కెనెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త ఈ సంగతే పెద్ద వ్యాసంగా రాశాడు. జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు, తెలిసినవాడు అమ్మేవాడొక్కడే, అంచేత ఇది మామూలు బజారులా నడవదని. ఆయనకి తరవాత నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మా అక్క మాటల్లో అయితే, "పీకల మీదికొచ్చాక ధర అడగడానికి నోరెక్కడిదే?"

అలాగని ఖర్చంతా దోపిడీ అనడం కూడా అన్యాయమే. మా బావగారి రైసుమిల్లునే తీసుకోండి. ఆయన చేరినప్పుడు బస్తాలెత్తేవాళ్ళూ, చెరిగేవాళ్ళూ, జల్లించేవాళ్ళూ కలిసి యాభై మంది. ఆయన మానేసే నాటికి మరలు వచ్చి పన్నెండుమంది. ఒక్కొక్కరికి జీతం పెరిగినా బియ్యం మీద పడే కూలి పెరగలేదు. కాని రోగి పక్కన కూర్చునే నర్సుకి మర ఎక్కడిది? రాత్రి ఎనిమిది గంటలు కాపలా కాయడానికి వెనకటి రోజుల్లో ఒక మనిషి కావాలి, ఇప్పుడూ ఒక మనిషి కావాలి. ఆ పిల్లకి బతికే జీతం ఇవ్వాలి. (ఇస్తున్నారా అంటే, అది వేరే వారం రాయవలసిన సంగతి.) గుండెకి గొట్టం వేసే యంత్రాల గది కోట్లమీద లేస్తుంది. ఆ అప్పుకి వడ్డీ రోగులే కట్టాలి. డాక్టరు చదువు ఖర్చు ఇంకొకటి. డబ్బు పోసి వైద్యం సీటు కొనే పద్ధతి మీద మన రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లోనే సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది, కాపిటేషన్ ఫీజు కూడదని. 2002లో ఇంకో పెద్ద తీర్పు వచ్చి అప్పటి ఏర్పాటు మారింది. పిల్లవాణ్ణి డాక్టరు చేయడానికి పొలం అమ్మిన తండ్రులు మన బంధువుల్లో ఎందరు లేరు! ఆ పొలం ఎక్కడో ఒకచోట తిరిగి పండాలి గదా.

ఇక బావగారి పక్క మంచం మీద ఒక కౌలు రైతు ఉన్నాడు. ఆయనకీ అదే జబ్బు, అదే డాక్టరు, అదే గొట్టం. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆయన కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు. తెల్లకార్డు ఉంది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ పథకం అది. ఇప్పుడు ఆంధ్రలో పేరు మార్చారు. ప్రభుత్వం ఒక్కొక్క చికిత్సకి ఇంత అని ముందే ధర కట్టి ఆస్పత్రితో ఒప్పందం చేసుకుంటుంది. ఆ ధర తక్కువని ఆస్పత్రులు తరచు గోల పెడతాయి, డబ్బు ఆలస్యంగా వస్తుందని సేవలు ఆపుతామంటాయి కూడా. నిజమే కావచ్చు. కాని అదే గదిలో రెండు మంచాల మధ్య రెండు ధరలున్నాయంటే ఏమిటి అర్థం? లక్షలమంది తరఫున ఒకరు కూర్చుని బేరమాడితే ధర దిగుతుంది. ఒంటరిగా వెళ్ళినవాడు మాత్రం చెప్పిందల్లా కడతాడు. మధ్యతరగతి వాళ్ళం ఆ ఒంటరివాళ్ళం. తెల్లకార్డుకి ఎక్కువ, నల్లేరు మీద బండి నడకకి తక్కువ. 2024 అక్టోబరులో కేంద్రం డెబ్భై నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి కుటుంబానికి అయిదు లక్షల దాకా వైద్యం అని ఆయుష్మాన్ భారత్ కింద ప్రకటించింది. మా బావగారికి అరవై ఎనిమిది.

"ఇంకో రెండేళ్ళు ఆగి తెచ్చుకోవలసింది నొప్పి," అని ఆయనే నవ్వారు. అక్క నవ్వలేదు.

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 రూపాయలు జనం సొంత జేబులోంచే పోయాయట. 2021-22 నాటికి అది 39కి దిగిందని ప్రభుత్వ లెక్క. దిగడం మంచిదే. ఆ ముప్ఫై తొమ్మిదిలో మా అక్క గాజుల వంటివి ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్కల్లో కనపడవు.

ఇంతకీ అక్క నన్ను పిలిపించింది బిల్లు చదవడానికి కాదు. నిన్నటి దాకా నాతో కూడా చెప్పలేదు. వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసి, మందుల డబ్బా తెరిచి ఒక అట్ట చూపించింది. పదిహేను మాత్రల అట్ట. పదిహేను రోజుల కిందట మొదలుపెట్టినది. ఇంకా ఏడు మాత్రలున్నాయి.

"మరిచిపోతున్నారేమో అక్కా."

"అర్ధరూపాయి మరవని మనిషి మాత్ర మరుస్తాడా? రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడే. లెక్కప్రకారం!" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఎంచేతనంటే ఆ మాత్ర రక్తం గడ్డకట్టకుండా చూసేది. కొత్తగా స్టెంటు వేసిన చోట గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. డాక్టరు ఆపమని చెప్పేదాకా ఒక్కరోజు కూడా మానగూడదని ఇంటికి పంపేటప్పుడు ఆ కుర్ర డాక్టరు మూడుసార్లు చెప్పాడు. రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు పోసి బతికించుకున్న మనిషి, నెలకు వెయ్యి రూపాయలు మిగల్చడానికి ప్రాణం పణం పెడుతున్నాడు!

నేను వెళ్ళి నిలదీశాను. మొదట దబాయించారు. తరవాత తల దించుకుని, "మందులు నెలకి 1,840 అవుతున్నాయి. మీ అక్క చేతికి ఉన్నవి పూత గాజులని నాకు తెలియదనుకుంటున్నారు ఇద్దరూ. అవి విడిపించేదాకా ఎక్కడో ఒకచోట తగ్గించాలి గదమ్మా. కొడుకుని ఇంకా అడగలేను," అన్నారు.

ఏమనగలను? ఆ మాత్రల చీటీ తీసుకుని డాక్టరుకి ఫోను చేశాను. పాపం ఆయన కోప్పడి, వెంటనే ఏమేం పరీక్ష చేయించాలో చెప్పి, "ఖర్చు సంగతి నాతో ముందే అనవలసింది," అన్నాడు. కంపెనీ పేర్లు కొట్టేసి మందుల అసలు పేర్లతో కొత్త చీటీ పంపించాడు. అది పట్టుకుని జన ఔషధి దుకాణానికి వెళ్ళాను. 2008లో మొదలైన ఈ దుకాణాలు ఇప్పుడు దేశంలో పదివేలు దాటాయి. చీటీలో అయిదు రకాల్లో నాలుగు దొరికాయి. అయిదోది లేదు, మామూలు షాపులోనే కొన్నాను. అన్నీ కలిసి 520 రూపాయలు.

ఇంత తేడా ఎక్కడిది? మందు ఒకటే. తయారుచేసే ఖర్చు కొద్దిది. పై ఖర్చంతా పేరుది. డాక్టర్ల చుట్టూ సంచీలు పట్టుకు తిరిగే ప్రతినిధులది, రంగుల అట్టలది, టోకువాడిదీ చిల్లరవాడిదీ కమిషను. దీనికి ఇంకో ముడి ఉంది. 1995 నాటి ఉత్తర్వు ప్రకారం కట్టడిలో ఉన్న మందుకి తయారీ ఖర్చు లెక్కచూసి ధర కట్టేవారు, అయితే అప్పుడు కట్టడిలో ఉన్నవి 74 మందులే. 2013 ఉత్తర్వుతో జాబితా బాగా పెరిగింది, పద్ధతి మాత్రం మారింది. బజారులో నూటికి ఒక వంతైనా అమ్ముడుపోయే రకాల ధరల సగటు తీసి, దుకాణదారుడికి 16 శాతం కలిపితే అదే గరిష్ఠ ధర. జాబితాలో లేని మందుల ధర ఏటా పది శాతం దాకా పెంచుకోవచ్చు.

ఇది చెప్పగానే మా బావగారికి గుండెజబ్బు సంగతి మరిచిపోయేంత ఆవేశం వచ్చింది. "ఖర్చు చూడకుండా ధర కట్టడమా! నలుగురు ఎక్కువకి అమ్ముతుంటే వాళ్ళ సగటు న్యాయమైన ధర అవుతుందా! మా మిల్లులో ఇలా లెక్క రాస్తే యజమాని నన్ను వీధిలోకి గెంటేవాడు," అన్నారు.

తయారీ ఖర్చుకీ ధరకీ ఎంత దూరం ఉండవచ్చో హైదరాబాదు కంపెనీ కథొకటి చెపుతుంది. కాలేయానికీ మూత్రపిండానికీ వచ్చే కాన్సరు మందు ఒకటి, పేటెంటు ఉన్న విదేశీ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్ముతుండేది. 2012 మార్చిలో మన పేటెంటు అధికారి హైదరాబాదు నాట్కో కంపెనీకి అదే మందు తయారుచేసుకోమని నిర్బంధ లైసెన్సు ఇచ్చాడు. దేశంలో అటువంటిది అదే మొదటిసారి. నాట్కో ధర నెలకు 8,800. పేటెంటు కంపెనీ పరిశోధన మీద పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటుంది, ఆ మాటలోనూ పస లేకపోలేదు. కాని ఎంత రాబట్టుకోవాలో నిర్ణయించేది ఖర్చు కాదు, రోగి ప్రాణం మీద తీపి.

సరే, 520 రూపాయల మందులు తెచ్చి బావగారి ముందు పెట్టాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన అట్టలు అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇంత చవకా?" అన్నారు అనుమానంగా. "పనిచేస్తాయంటావా?"

చూశారా! ఇన్నాళ్ళూ ధర ఎక్కువని ఎర్ర పెన్సిలు అరగదీసిన మనిషికి, ధర తగ్గేసరికి నమ్మకం తగ్గింది. ఆయన్ననడమెందుకు, నేను మాత్రం? పోయినేడు మనవడికి జ్వరం వస్తే, వంద రూపాయలు తీసుకునే మా వీధి డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఏసీ గదిలో కూర్చునే ఆయన దగ్గరికి వెళ్ళి ఆరువందలు ఇచ్చి వచ్చాను. రాసింది అదే పారాసెటమాలు. బెండకాయ తోక విరవడం తెలియని చోట, ఖరీదే లేతదనానికి గుర్తనుకుంటాం.

బావగారు నా ఎదుటే డాక్టరుకి మళ్ళీ ఫోను చేసి, ఒక్కొక్క అట్ట మీది పేరు అక్షరం అక్షరం చదివి వినిపించి, అన్నీ అవేనని అనిపించుకుని గాని ఊరుకోలేదు. తరవాత బాల్‌పెన్ను తీసి ప్రతి మాత్ర వెనకా తేదీ వేశారు. ఇవాళ పొద్దున కాఫీ అయ్యాక ఇవాళ్టి తేదీ మాత్ర చించి వేసుకున్నారు. అక్క ఎదురుగా నిలబడి, చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు నోరు తెరవమని చూసింది.

బిల్లు చివరి పేజీలో ఒక పద్దు రెండుసార్లు పడిందని ఆయన పట్టుకున్నారు, 1,150 రూపాయలు. ఆస్పత్రికి ఉత్తరం రాసి నా చేత కొరియరు చేయించారు. జవాబు ఇంకా రాలేదు. రేపు నేను బయలుదేరుతున్నాను. వెళ్ళేలోగా చింతకాయ పచ్చడి ఒక చిన్న సీసాడు పంపమని బావగారు రహస్యంగా అడిగారు. ఉప్పు తగ్గించమన్నారని అక్క గదమాయించింది. ఉప్పు తగ్గిస్తే చింతకాయ నిలవుంటుందా, ఉండదా అన్నది వచ్చే వారం చూద్దాం.